నవ్వు నాలుగు విధముల చేటు



నేఁటి ప్రసంగమునకు విషయము ఒక అమెరికా చలనచిత్రము. దాని పేరు 'క్యారీ'. 1976వ సంవత్సరమున వెలువడినది. భయానక చిత్రముల ప్రసక్తి వచ్చినపుడు లోకమున దీనిని తఱచుగాఁ బేర్కొందురు. పురాణములు చదువుకొన్నవాఁడు, జీవితమంతయు బడిపిల్లలచేతఁ బద్యములు వల్లె వేయించినవాఁడు, నెత్తురును మంటలును గల యిట్టి చిత్రమును గూర్చి పెద్దల యెదుట మాటలాడుట యేమని మీలోఁ గొందఱకుఁ దోఁపవచ్చును. దానికి నా సమాధాన మిది. ఈ కథలో శ్మశానమునుండి లేచివచ్చిన బేతాళుఁడు లేఁడు. మఱ్ఱిచెట్టు నాశ్రయించిన దయ్యము లేదు. ఉన్నది ఒక బడి, ఒక యిల్లు, ఆ రెంటి నడుమ దిక్కులేని యొక పిల్ల. ఇందలి ప్రళయము నవ్వునుండి పుట్టినది. బడియు, ఇల్లును, నవ్వును మనకును గలవు. కావున నీ కథ మనము వినఁదగినదే.

దీనికి మూలము స్టీఫెన్ కింగ్ అను రచయిత 1974లోఁ బ్రకటించిన నవల. ఆతని నవలలలో మొదట అచ్చయినది యిదియే. ఆ కాలమున నాతఁడు మెయిన్ రాష్ట్రమునం దొక యున్నతపాఠశాలలో నాంగ్లము బోధించు నుపాధ్యాయుఁడు. చాలీచాలని జీతము, ఇంట పసిబిడ్డలు. కొన్ని పుటలు వ్రాసిన పిమ్మట, బాలికల మనస్సు తనకుఁ దెలియదని నిరాశపడి, ఆ కాగితములను చెత్తబుట్టలోఁ బాఱవైచెను. ఆతని భార్య టబితా వానిని పైకిఁ దీసి చదివి, కథ విడువఁదగినది కాదనియు, తెలియని సంగతులు తాను చెప్పుదుననియు ధైర్యము చెప్పెను. ఆ యిల్లాలు చేయి చాఁపకున్నచో నీ గ్రంథము లేదు.

క్యారీ యను పాత్రను తీర్చునపుడు, తన చదువునాఁటి యిద్దఱు బాలికలను మనస్సునం దుంచుకొంటినని కింగ్ తరువాత 2000వ సంవత్సరమున వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. ఇద్దఱును తోడివారిచే వెలివేయఁబడినవారే. అం దొక బాలిక దినదినము నవే బట్టలు కట్టుకొని వచ్చెడిది. ఒక యేఁట క్రిస్మసు సెలవుల తరువాత క్రొత్త దుస్తులు ధరించి, జుట్టు తీర్చుకొని వచ్చెనఁట. అందఱును సంతోషింతురని యెంత యాసపడెనో! జరిగినది వేఱు. ఎగతాళి తగ్గకపోఁగా మఱింత పెరిగెను. తాము గీచిన గీఁతను దాఁటి యామె యీవలకు వచ్చుట తోడివారు సహింపలేదు. కింగ్ ఈ నవల వ్రాయు నాఁటికి ఆ యిద్దఱు బాలికలును జీవించి లేరు. కథ కల్పితమైనను దాని వేరు నేలలోనే యున్నది.

నవలను చిత్రముగా మలచిన దర్శకుఁడు బ్రయన్ డి పాల్మా. తెఱకుఁ దగినట్లు కథను గూర్చినవాఁడు లారెన్స్ కోహెన్. క్యారీ పాత్రను సిస్సీ స్పేసెక్ అను నటీమణి ధరించెను. ఆమె తల్లియైన మార్గరెట్టు పాత్రను పైపర్ లారీ ధరించెను.

కథ బడి మైదానమున నారంభమగును. బాలికలు బంతి యాడుచుందురు. బంతి క్యారీవైపు వచ్చును, ఆమె కొట్టలేకపోవును, అందఱును తిట్టుదురు. ఆట ముగిసిన వెనుక బాలికలు స్నానశాలకుఁ బోవుదురు. ఇఁకఁ జెప్పఁబోవునది మర్యాదతోఁ జెప్పవలసిన సంగతి. చెప్పక విడుచుటకు వీలు లేనిది. ఆ స్నానశాలలో క్యారీ మొట్టమొదటి సారి రజస్వల యగును. అది యేమో యామె యెఱుఁగదు. తల్లి యేనాఁడును చెప్పియుండలేదు. నెత్తురు చూచి, ప్రాణము పోవుచున్నదని భ్రమించి, తోడి బాలికల యొద్దకుఁ బరుగెత్తి కాపాడుఁడని చేతులు చాఁచును. వారు నవ్వుదురు. గుంపుగా చుట్టుముట్టి, నెలసరికి వాడుకొను గుడ్డలను ఆమెపైఁ బాఱవైచి, కేకలు పెట్టుచు నవ్వుదురు.

మన యిండ్లలో నీ ఘట్టమున నేమి జరుగునో తలఁచికొనుఁడు. పిల్ల పెద్దమనిషి యైనదని తెలియఁగానే ఇరుగుపొరుగు పేరంటాండ్రు వత్తురు, చాపపైఁ గూర్చుండఁబెట్టి పసుపు రాచి హారతి యిత్తురు, చిమ్మిలి తినిపింతురు. ఈ యాచారములోఁ గొన్ని కట్టుబాట్లు నేఁటి కాలమునకుఁ దగవని వాదించువారు కలరు. ఆ వాద మటుండనిండు. దానిలోని తత్త్వ మొక్కటి గ్రహింపవలయును. పిల్ల భయపడు దినమున నలుగురు పెద్దలు చుట్టుఁ గూర్చుండి, భయములేదు, ఇది లోకసహజమని చెప్పుదురు. క్యారీ చుట్టును ఎందఱో చేరిరి గాని, ఆ మాట చెప్పినవా రొక్కరును లేరు.

భారతమును పఠించినవారి కిచ్చట ద్రౌపది స్మరణకు రాకమానదు. ఏకవస్త్రయై, రజస్వలయై యున్న యా సాధ్విని సభకు నీడ్చి తెచ్చిరి. నవ్వినవారు కొందఱు. తలలు వంచుకొని యూరకుండినవారు పెక్కుమంది. ఆ యూరకుండినవారిలో భీష్మద్రోణులును గలరు. కురుక్షేత్రమున పదునెనిమిది యక్షౌహిణులను దహించిన మంటకు మొదటి నిప్పు ఆ సభలోనే పడినది. అంతకు ముందు మయసభలో దుర్యోధనుఁడు జాఱినప్పటి నవ్వును దానికి సమిధయే. నవ్వు నాలుగు విధముల చేటని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

ఇఁక నీ చిత్రములోని పెద్దలను గూర్చి విన్నవింతును. నా కీ కథలో మిక్కిలి భయము గొల్పినవారు వీరే.

మొదటి వ్యక్తి తల్లి. భర్త విడిచిపోయిన స్త్రీ. ఇంటింటికిఁ దిరిగి పాపభీతి బోధించును. ఒక యిల్లాలు ఆమె బోధ వినలేక, కొంత సొమ్ము చేతఁ బెట్టి సాగనంపును. బిడ్డ వచ్చి, నా కిట్లయినది, ముందుగా నేల చెప్పవైతివని యేడ్చినపుడు, ఈ తల్లి యా సంగతిని పాపఫలమని నిందించి, కొట్టి, చీఁకటి గదిలోఁ ద్రోసి తాళము వేయును. ఆ గదిలో బాణములు గ్రుచ్చుకొనిన యొక పరిశుద్ధుని ప్రతిమ, కన్నులు మెఱయుచుండ నిలిచియుండును. ఈ తల్లిది భక్తియని భ్రమింపరాదు. దైవము నాశ్రయమని చూపువాఁడు భక్తుఁడు. దైవమునే బెత్తముగాఁ జేసికొనినవానిని భక్తుఁ డనరాదు.

రెండవ వ్యక్తి ప్రధానోపాధ్యాయుఁడు. ఓదార్చుటకై క్యారీని గదికిఁ బిలిపించును. కాని యామె పేరును సరిగాఁ బలుకలేఁడు. వేఱొక పేరు పెట్టి పిలుచును. దిద్దినను మరల నదే పేరు. అపుడు క్యారీకిఁ గోపము వచ్చి, ముట్టకయే బల్లమీఁది బూడిదపాత్ర క్రిందఁ బడి పగులును. చేతితోఁ దాఁకక మనస్సుతోనే వస్తువులను గదల్చు వింతశక్తి యామెయందుఁ గలదని మన కిట్లు తెలియును. ఇంతకాలము బడిలోఁ జదివిన పిల్లకుఁ దన పేరును దక్కకపోవుట యే యుపాధ్యాయునికైనను సిగ్గుచేటు.

మూఁడవ వ్యక్తి సాహిత్యము బోధించువాఁడు. తరగతిలో నొక బాలుని పద్యము చదివి వినిపించి, అభిప్రాయము చెప్పుఁడని యడుగును. ఎన్నఁడును నోరు విప్పని క్యారీ, సుందరముగా నున్నదని మెల్లగాఁ బలుకును. ఆతఁ డామె మాటను వెక్కిరించి, తరగతిని నవ్వించును. ఆ నవ్వుకు గురువే నాయకుఁడు! బెత్తపు దెబ్బ నాలుగు దినములకు మానును. పదిమందిలో గురువు చేసిన యెగతాళి నలువది యేండ్లకును మానదు. వృద్ధులైన నా పూర్వశిష్యులు తమ చిన్ననాఁటి పంతులు పెట్టిన పరిహాసపుఁ బేరును తలఁచికొని కన్నీరు పెట్టుకొనుట నే నెఱుఁగుదును.

నాలవ వ్యక్తి ఆటలు నేర్పు నుపాధ్యాయిని, మిస్ కాలిన్స్. ఈమె మంచిది. స్నానశాలలో మొదట విసిగి క్యారీని చెంపపైఁ గొట్టినను, సంగతి తెలిసిన వెంటనే యామెను దగ్గఱకుఁ దీసికొనును. నవ్విన బాలికలకు శిక్ష విధించును. కాని శిక్ష పొందినవారిలో క్రిస్ అను నొక గర్విష్ఠి పగఁబట్టును. సూ అను మఱొక బాలిక మాత్రము నిజముగాఁ బశ్చాత్తాపపడును. ఆ సభలో వికర్ణుఁడు లేచినట్లు, ఈ గుంపులో నీమె యొక్కతె లేచినది. చదువు ముగింపున నచటి పిల్లలు జరుపుకొను నాట్యోత్సవము కలదు. దానిని వారు 'ప్రోమ్' అందురు. సూ తాను పోక, తన స్నేహితుఁడైన టామీని క్యారీకిఁ దోడుగాఁ బంపును. క్యారీ మెచ్చుకొనిన పద్యము ఆ బాలునిదే.

క్యారీ తన దుస్తులను దానే కుట్టుకొనును. అది లేఁత గులాబిరంగు వస్త్రము. తల్లి కది యెఱ్ఱగాఁ గనఁబడును; పోవలదు, అందఱును నిన్నుఁ జూచి నవ్వుదురని హెచ్చరించును. అయినను క్యారీ పోవును. ఆ రాత్రి యామె యెంతటి చక్కని పిల్లయో మన కన్నులకు మొదటిసారిగాఁ గనఁబడును. కొందఱు మర్యాదగాఁ బలుకరింతురు. టామీయు మనఃపూర్వకముగా నాదరించును. ఉత్సవమునకు రాణిగా నామెయే యెన్నుకోఁబడినట్లు ప్రకటింతురు. కాని యెన్నిక పత్రములను క్రిస్ పక్షమువారు మార్చిరి. రంగస్థలముపై దూలమున నొక బాల్చి వ్రేలాడుచుండును. అందున్నది పందినెత్తురు, క్రిస్ స్నేహితుఁడైన బిల్లీ పందిని చంపి తెచ్చినది. సూ దానిని గని పెట్టి హెచ్చరింపఁబోవును. మిస్ కాలిన్స్, ఈమె యల్లరి చేయుటకు వచ్చినదని తలఁచి, వెలుపలికి గెంటి తలుపు మూయును. మంచివారును తొందరపడి పొరఁబడినచోఁ జెడ్డవారికిఁ బని సులువగును.

త్రాడు లాగఁబడును. నెత్తు రామె తలపైఁ బడును. బాల్చియుఁ బడి టామీ నేలఁ గూలును.

భరతముని హాస్యమునకుఁ దెల్లని వర్ణమును, రౌద్రమున కెఱ్ఱని వర్ణమును జెప్పెను. ఈ బాలిక యింటిపేరు 'వైట్', అనఁగాఁ దెలుపు. తెల్లనిది యెఱ్ఱనిది యగుట యీ చిత్రమున రూపకాలంకారము కాదు. మన కన్నుల యెదుట జరుగును. ఆ మునియే నవ్వు నాఱు విధములుగా విభజించి, చిఱునవ్వును మెల్లని నవ్వును ఉత్తములకును, గట్టి నవ్వులను మధ్యములకును, హద్దు మీఱిన నవ్వులను అధములకును జెప్పెను. స్నానశాల నవ్వు ఈ కడపటి తెగకుఁ జెందినది.

ఇచ్చట దర్శకుఁడు చూపిన యొక్క విశేషమును మీరు మనసున నుంచుకొనవలయునని నా ప్రార్థన. నెత్తురు పడఁగానే సభలోఁ గొందఱు నవ్వుదురు; పెక్కుమంది నిశ్చేష్టులై యుందురు. కాని క్యారీ కన్నులకు సభయంతయు నవ్వుచున్నట్లు తోఁచును. తల్లి హెచ్చరిక చెవులలో మాఱుమ్రోఁగును. తన్నుఁ గాపాడిన మిస్ కాలిన్స్ సైతము పగలఁబడి నవ్వుచున్నట్లే యామెకుఁ గనఁబడును. వేయిమాఱులు నవ్వుపాలైనవానికి వేయిన్నొకటవసారి నవ్వనివారిని గుర్తుపట్టు శక్తి యుండదు. మనము చేయు యెగతాళికి గల ఘోరమైన ఫల మిదియే. అది యొక మనిషిని నొప్పించి యూరకుండదు. లోకమునందలి మంచిని చూచు చూపునే ఆ మనిషి నుండి హరించును.

పిదప తలుపులు తమంతఁ దామే మూసికొనును. తెఱ రెండుగాఁ జీలి, ఒకవైపు క్యారీ నిశ్చలమైన కన్నులును, మఱొకవైపు మంటలును గనఁబడును. నవ్వినవారును నవ్వనివారును గూడ నశింతురు. మిస్ కాలిన్స్ సైతము మరణించును. తప్పించుకొనిన క్రిస్, బిల్లీలు దారిలో క్యారీని బండితో గ్రుద్దఁబోయి తామే దగ్ధమగుదురు. క్యారీ యిల్లు చేరి, నెత్తురు కడిగికొని, చిన్నబిడ్డవలెఁ దల్లి కౌఁగిటఁ జేరును. ఆ తల్లి ప్రార్థించుచునే వీఁపునఁ గత్తి దింపును. వంటింటి కత్తులు గాలిలో లేచి తల్లిని గోడకుఁ గొట్టివైచును. చీఁకటి గదిలోని ప్రతిమవలెనే యామె ప్రాణము విడుచును. ఇల్లు కూలి యిద్దఱును దానిలోనే యంతమగుదురు. ప్రోమునకుఁ బోయినవారిలోఁ బ్రాణములతో మిగిలినది వెలుపలికి గెంటఁబడిన సూ యొక్కతె. ఆమెయుఁ గలలో క్యారీ సమాధికిఁ బూవులు తెచ్చును, మట్టినుండి నెత్తుటి చేయి లేచి పట్టుకొనును, కేకవైచి మేల్కొనును. ఆ చేతిని వేఱొకరిచేఁ జూపింపక, స్పేసెక్ స్వయముగా భూమిలోపల నుండి తన చేతినే చాఁచెనఁట.

ఇట్టి చిత్రము పగను బోధించునని కొంద ఱాక్షేపింపవచ్చును. ఆలోచింపఁగా నట్లు కాదు. పగ తీర్చుకొనిన క్యారీకి సంతోషము లేదు, రక్షణ లేదు, తుదకుఁ బ్రాణమును లేదు. నిరపరాధుల మరణమును దర్శకుఁడు మెచ్చుకొనలేదు. బీభత్సమునుండి భయానకమును, రౌద్రమునుండి కరుణమును బుట్టునని భరతుఁడు చెప్పిన క్రమమే యిందుఁ గానవచ్చును. లోకము దీనిని భయానక మని పిలిచినను, నా దృష్టికి దీని యంగిరసము కరుణమే. చిత్రము ముగిసిన వెనుక మన మామెకు వెఱవము, ఆమెకై యేడ్తుము. ఐనను ఇది పసివారికిఁ జూపఁదగిన చిత్రము కాదు. స్నానశాల ఘట్టమును, హత్యలును గలవు. అమెరికాలోఁ గూడ బాలురు పెద్దలతోడు లేక చూడరాదను తరగతిలోనే దీని నుంచిరి. చూడవలసినవారు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు.

స్పేసెక్, లారీ యిద్దఱును నీ నటనకై ఆస్కారు బహుమానమునకుఁ బరిశీలింపఁబడిరి. భయానక చిత్రములకు అట్టి గౌరవ మరుదు. 2013లో నీ కథను మరల చలనచిత్రముగాఁ దీసిరి. 2022లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము మొదటి చిత్రమును భద్రపఱుపవలసిన జాతీయ చిత్రముల పట్టికలోఁ జేర్చెను. కాలము గడచినను కథ పాఁతబడలేదు. పిల్లలను వెలివేయుట పాఁతబడలేదు గనుక.

మన దేశమునను దీనికి శాసనములు కలవు. విద్యాలయములలోఁ గ్రొత్తవారిని బాధించు 'ర్యాగింగు'ను నిషేధించుచు, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1997లోనే చట్టము చేసిరి. 2009 నాఁటి విద్యాహక్కు చట్టము బడిపిల్లలకు దేహదండనమునే కాక మానసిక వేధనను సైతము నిషేధించినది. శాసనము మంచిదే. కాని స్నానశాలలోని నవ్వునకు సాక్షి యెవఁడు? రచ్చబండపై పుట్టిన వెక్కిరింపు పేరునకు న్యాయస్థాన మెక్కడ? నత్తివాఁడు, గూనివాఁడు, మెల్లకంటిది, నల్లపిల్ల యని అవయవముల లోపమును రంగును బట్టి పేరులు పెట్టుట మన యూళ్ళలో వినోదముగా నున్నది. పెట్టినవాఁడు మఱునాఁటికి మఱచును. మోయువాఁడు కాటివఱకు మోయును. పిల్లికిఁ జెలగాటము, ఎలుకకుఁ బ్రాణసంకటము.

క్యారీకి గల వింతశక్తి కవి కల్పన. మన పిల్లల కట్టి శక్తి లేదు. అందుచే వారి మంట వెలుపలి గోడలను గాల్పదు, లోపలనే రగులును. కొందఱు చదువు మానుదురు. కొందఱు ఇల్లు విడుతురు. కొందఱు నూతినిఁ జూతురు. అట్టి వార్త విన్న దినమున, ఎంత నెమ్మదిగల పిల్ల, నోరు విప్పి యెఱుఁగదు, ఇట్లేల చేసెనని మనము వగతుము. నోరు విప్పినపుడు నవ్విన వా రెవ్వరో మన మడుగము.

కావునఁ బెద్దలారా, మీకు నా మనవి యిది. ఇంట నెదిగిన పిల్ల యున్నచో, ఆ దినము రాకముందే తల్లియో, అవ్వయో సంగతి తెలియఁజెప్పునట్లు చూడుఁడు. బడికిఁ బోయినపుడు కడపటి వరుసలోని పిల్ల పేరడిగి, ఆ పేరుతోనే పిలువుఁడు. మీ మనుమఁ డొకనిని వెక్కిరించినపుడు, పిల్లచేష్ట యని నవ్వి యూరకుండకుఁడు. మీ నవ్వే వాని కనుమతిపత్రము. నలుగురు నవ్వుచున్న చోట నవ్వక నిలిచి, ఆ పిల్ల ప్రక్కకుఁ బోయి నిలువుఁడు. ఆ పని ఆలస్యము చేయవలదు. ఆలస్యమైనచో మీరు నవ్వలేదన్న సంగతి ఆ పిల్లకుఁ గనఁబడకపోవచ్చును.